తెర లేని లినక్స్ సర్వరు నుంచి 186 జీబీ రికార్డింగులను టోరెంట్ ద్వారా పంచుకోవడం ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో మా మిత్రులం కొందరం ఆరేళ్లుగా పెద్దల మాటలను, హరికథలను, భజనలను, పెళ్లి పాటలను రికార్డు చేస్తూ వస్తున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా పట్టణం ఆ రాష్ట్రంలో చేరింది. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ ఒడియా అన్న తీరున తరాలు గడిచాయి కాబట్టి ఇక్కడి పెద్దల నోట వినిపించే తెలుగు మరెక్కడా దొరకదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిలో నోటి మాటను భద్రపరచడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ఆ సేకరణ ఇప్పుడు 1,940 ఫైళ్లు, మొత్తం 186 జీబీ అయింది. అసలు రికార్డింగులు నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ రూపంలో, వాటి చిన్న నకళ్లు ఎంపీ3 రూపంలో ఉన్నాయి. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, మహారాష్ట్ర వైపు సిరొంచ, ఈ ఐదు చోట్లా పూర్తి నకలు ఉండాలని మా కోరిక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను ఎలా కుదిపేసిందో కళ్లారా చూసినవాళ్లం కనుక, ఇంత సొత్తు ఒకే ఇంట్లో ఒకే డిస్కులో ఉందన్న ఆలోచన మాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇంతవరకు డిస్కును రైల్లో గుణుపురం తీసుకువెళ్లి నకలు చేస్తూ వచ్చాం. రెండవసారి చేసిన నకలులో 11 ఫైళ్లు పాడయ్యాయని మూడు నెలల తర్వాత గాని తెలియలేదు. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు సర్వరు వేసుకున్నాం. దానికి తెర లేదు, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరే యంత్రం నుంచి కమాండులు టైపు చేసే టెర్మినల్ మాత్రమే ఉంది. మా ఇంటి అప్‌లోడు వేగం 10 ఎంబీపీఎస్. కరెంటు రోజుకు ఒకటి రెండు సార్లు పోతుంది. ఈ పరిస్థితిలో టోరెంట్ (ఫైళ్లను ముక్కలుగా అందరూ ఒకరికొకరు పంచుకునే పద్ధతి) పనికి వస్తుందా? వస్తే మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో దయచేసి చెప్పగలరు.

బరంపురం శ్రోత (బరంపురం)

మీ పని చూసి చాలా సంతోషం కలిగింది. నాదొక సందేహం. ఆర్‌సింక్ అనే ఫైళ్ల నకలు సాధనం ఉండగా టోరెంట్ ఎందుకు? మధ్యలో తెగిన బదిలీని అది తెగిన చోటి నుంచే కొనసాగించగలదు, పైగా మనలో చాలామందికి అలవాటైన కమాండు.

నాగావళి గట్టు (రాయగడ)

ఒకరి నుంచి ఒకరికి పంపడమే అయితే ఆర్‌సింక్‌ను మించినది లేదని నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ పుచ్చుకునేవారు ఐదుగురు, ఇచ్చేవారి అప్‌లోడు సన్నని దారి. 10 ఎంబీపీఎస్ మీద 186 జీబీ ఒక్కసారి బయటికి వెళ్లడానికి సుమారు 41 గంటలు పడుతుంది. ఐదుగురికి విడివిడిగా పంపితే దాదాపు 207 గంటలు, అంటే ఎనిమిదిన్నర రోజులకు పైనే, అదీ ఒక్క నిమిషం కూడా కరెంటు పోకుండా ఉంటే.

టోరెంట్‌లో జరిగేది వేరు. ఫైళ్లన్నిటినీ వరుసగా పేర్చి సమానమైన ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ ఎస్‌హెచ్‌ఏ-1 లెక్కన 20 బైట్ల గుర్తు కట్టి, ఆ గుర్తుల పట్టికను చిన్న టోరెంట్ ఫైలులో పెడతారు. మీ దగ్గర నుంచి ఒక ముక్క నాకు, మరొక ముక్క జయపురానికి వెళితే, ఆ రెండింటినీ మేమిద్దరం మార్చుకుంటాం. మీరు రెండోసారి పంపనక్కరలేదు. 2001లో బ్రామ్ కోహెన్ ఈ పద్ధతిని బయటపెట్టినప్పటి నుంచి దీని బలం ఇక్కడే ఉంది. వచ్చిన ప్రతి ముక్కనూ గుర్తుతో పోల్చిన తర్వాతే స్వీకరిస్తుంది కాబట్టి, పాడైన 11 ఫైళ్ల సంగతి మూడు నెలల తర్వాత తెలిసే దుస్థితి రాదు. డెబియన్ తన ఇన్‌స్టలేషన్ ప్రతులను, నెట్ లేకుండా చదివించే కివిక్స్ తన వికీపీడియా ప్రతులను ఈ దారిలో కూడా పంచుతున్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన సేకరణలకు టోరెంట్లు ఇస్తోంది.

ఇక పని విషయానికి వస్తాను. కమాండులను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగులో వ్రాస్తున్నాను, టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందుగా ఉబుంటులో ప్రోగ్రాములు వేసే ఆప్ట్ ద్వారా ట్రాన్స్‌మిషన్-డీమన్, ట్రాన్స్‌మిషన్-సీఎల్‌ఐ అనే రెండు ప్యాకేజీలు వేసుకోండి. మొదటిది వెనుక నిలబడి నిత్యం పనిచేసేది, రెండవదానిలో టోరెంట్ తయారు చేసే కమాండు, డీమన్‌తో మాట్లాడే కమాండు ఉంటాయి. ఆర్‌టోరెంట్ కూడా చక్కని సాధనమే గానీ, దానిని మామూలుగా టీమక్స్ లేదా స్క్రీన్ (కనెక్షన్ తెగినా పనిని నడిపే ప్రోగ్రాములు) లోపల నడుపుకోవాలి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను లేచి పని అందుకునే డీమన్ మీ ఊరికి తగినది.

టోరెంట్ చేసే ముందు ముక్క పరిమాణం నిర్ణయించుకోవాలి, దీనిని చాలామంది పట్టించుకోరు. 256 కేబీ ముక్కలుగా కోస్తే మీ 186 జీబీకి ఏడు లక్షలకు పైగా ముక్కలు వస్తాయి, టోరెంట్ ఫైలే 14 ఎంబీ దాటుతుంది. 8 ఎంబీ ముక్కలైతే 22 వేల పైచిలుకు ముక్కలు, గుర్తుల పట్టిక దాదాపు 450 కేబీ. అంతకంటే పెద్ద ముక్కలు మీకు వద్దు. ముక్క పూర్తిగా వచ్చి సరిపోల్చబడే వరకు దానిని మరొకరికి ఇవ్వడం కుదరదు కనుక, బలహీనమైన లైన్ల మీద పెద్ద ముక్కలు పంపకాన్ని నెమ్మది చేస్తాయి.

ట్రాన్స్‌మిషన్-క్రియేట్ అనే కమాండుకు -ఎస్ 8192 అని ముక్క పరిమాణం కేబీలలో, -ఓ తర్వాత టోరెంట్ ఫైలు పేరు, -టీ తర్వాత ట్రాకర్ (ఎవరి దగ్గర ముక్కలున్నాయో చెప్పే సర్వరు) చిరునామా, -సీ తర్వాత వివరణ, చివరగా ఫైళ్లున్న ఫోల్డరు ఇవ్వాలి. ఎంకేటోరెంట్ అనే మరో సాధనం వాడితే అక్కడ -ఎల్ 23 అని ఇవ్వాలి. అది రెండు ఘాతం 23, అంటే అదే 8 ఎంబీ. ఈ పనిని టీమక్స్ లోపల మొదలుపెట్టండి. మీ డిస్కు పాత యూఎస్‌బీ 2.0 పెట్టెలో ఉంటే సెకనుకు 35 ఎంబీ చొప్పున చదివినా గంటన్నర పడుతుంది, ఈలోపు ఎస్‌ఎస్‌హెచ్ తెగితే చేసిన పనంతా పోతుంది.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

నాగావళి గట్టు గారు, చాలా విపులంగా చెప్పారు. నేను రిటైరైన బడిపంతులును, లినక్స్ నేర్చుకుని మూడేళ్లయింది. పోయిన ఏడాది ఇదే సేకరణలో ఒక చిన్న భాగాన్ని టోరెంట్ ద్వారా తెచ్చుకోవాలని నేనూ మహేంద్రతనయ గారూ రెండు రాత్రులు కూర్చున్నాం. ఇద్దరి తెరల మీదా సున్నా శాతం కదలలేదు. రూటరులో 51413 పోర్టు (బయటివారు లోపలికి వచ్చే ద్వారం) తెరిచాం, సర్వరులో ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ ద్వారా టీసీపీ, యూడీపీ రెండింటికీ అనుమతి ఇచ్చాం. అయినా ఫలితం లేదు. అప్పుడు ఇది మన ఊళ్లకు పనికిరాని పద్ధతి అనుకుని వదిలేశాం. మా పొరపాటు ఎక్కడ ఉందో చెప్పండి.

నాగావళి గట్టు (రాయగడ)

మాస్టారూ, మీ పొరపాటు ఏమీ లేదు. మీ రూటరు పేజీలో వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) చిరునామా ఏమని చూపుతోందో ఒకసారి చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచి ఇస్తోందని అర్థం. మీ రూటరులో ఎన్ని పోర్టులు తెరిచినా, దానికి ముందున్న కంపెనీ గేటు మూసే ఉంటుంది. పర్లాకిమిడి ఇల్లు కూడా అలాంటిదే అయితే, మీ ఇద్దరిలో ఎవరూ ఎవరి తలుపూ తట్టలేరు.

టోరెంట్‌లో ఇద్దరు కలవాలంటే కనీసం ఒకరి తలుపు బయటికి తెరుచుకోవాలి. నా ఆఫీసు లైనుకు స్థిరమైన పబ్లిక్ చిరునామా, 50 ఎంబీపీఎస్ అప్‌లోడు ఉన్నాయి, డెబియన్ సర్వరు రాత్రింబవళ్లు నడుస్తుంది. నేను అందరికీ కూడలిగా ఉంటాను. ఇటువంటి వారు లేని బృందాలు నెలవారీ అద్దెకు ఒక చిన్న క్లౌడ్ సర్వరు తీసుకుంటే సరిపోతుంది. దానిలో మొత్తం 186 జీబీకి చోటు లేకపోతే సేకరణను భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్నే అక్కడ నిలపవచ్చు.

మరొక దారి ఐపీవీ6, అంటే కొత్త తరం ఇంటర్నెట్ చిరునామా. మొబైల్ ఆధారిత కనెక్షన్లలో చాలావాటికి ఇప్పుడు ఆ చిరునామా వస్తోంది. అది ఎవరితోనూ పంచుకోని చిరునామా కనుక, దారిలో ఉన్న ఫైర్‌వాల్ అనుమతిస్తే నేరుగా కలుసుకోవచ్చు. పోర్టు తెరిచి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ట్రాన్స్‌మిషన్-రిమోట్ -పీటీ అని ఇస్తే చాలు.

జయపురం పుస్తకశాల (జయపురం)

మా దగ్గర ఐపీవీ6 వస్తోంది, ఇప్పుడే పరీక్షించాను, పోర్టు తెరిచి ఉంది. కాబట్టి రెండవ కూడలిగా మేము నిలబడగలం.

ఒక ప్రశ్న అడగాలి. టోరెంట్‌ను ప్రైవేటుగా గుర్తు పెట్టాలా, వద్దా? మా పుస్తకశాలలో నాలుగు కంప్యూటర్లున్నాయి, నాలుగింటిలోనూ శ్రోతలకు ఈ రికార్డింగులు అందుబాటులో ఉంచాలని అనుకుంటున్నాం. ప్రతి యంత్రమూ బయటి నుంచి 186 జీబీ లాగితే మా నెలవారీ డేటా పరిమితి మొదటి వారంలోనే అయిపోతుంది.

నాగావళి గట్టు (రాయగడ)

ప్రైవేటు అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థం చాలామంది అనుకునేది కాదు. -పీ అనే ఆప్షన్‌తో ఆ గుర్తు పెడితే, టోరెంట్ ప్రోగ్రాము ట్రాకర్ లేకుండానే తోటివారిని చూపే డీహెచ్‌టీలోనూ, ఇరుగుపొరుగు పరిచయాల ద్వారానూ, లోకల్ నెట్‌వర్కులోనూ తోటివారిని వెదకడం మానేసి, మీరిచ్చిన ట్రాకర్‌ను మాత్రమే అడుగుతుంది. ఫైళ్లకు తాళం పడదు. టోరెంట్ ఫైలు చేతికి చిక్కిన ఎవరైనా ఆ ట్రాకర్‌ను అడిగి చేరిపోవచ్చు, ట్రాకర్ అనుమతించిన వారినే చేర్చుకునేలా ఏర్పాటు చేస్తే తప్ప. నిజంగా గోప్యత కావాలంటే ముందుగా జీపీజీ అనే గుప్తీకరణ సాధనంతో ఫైళ్లకు తాళం వేసి, తర్వాత టోరెంట్ చేయాలి. మరో విషయం, ఆ గుర్తు టోరెంట్ గుర్తింపు సంఖ్యలో భాగం. ఒకే ఫైళ్లకు ఒకరు ప్రైవేటుగా, మరొకరు మామూలుగా టోరెంట్ చేస్తే అవి రెండు వేరు వేరు గుంపులు అవుతాయి. ఒకరి ముక్కలు మరొకరికి అందవు.

మీ పుస్తకశాలకు కావలసింది లోకల్ పీర్ డిస్కవరీ. ట్రాన్స్‌మిషన్‌లో అది మొదట ఆపి ఉంటుంది, సెట్టింగ్స్ ఫైలులో ఎల్‌పీడీ-ఎనేబుల్డ్ అన్న చోట ట్రూ అని మార్చాలి. అప్పుడు నాలుగు యంత్రాలూ ఒకదానినొకటి కనుగొని ముక్కలను లోపలే మార్చుకుంటాయి. బయటి డేటా తగ్గాలంటే ముందు ఒక యంత్రానికి పూర్తిగా రానిచ్చి, మిగిలిన మూడింటినీ ఆ తర్వాత తెరవండి. ప్రైవేటు గుర్తు ఉంటే ఈ సౌకర్యం పనిచేయదు కనుక, అందరూ వినాలని మనం కోరుకునే సేకరణకు ఆ గుర్తు వద్దని నా అభిప్రాయం.

సెట్టింగ్స్ ఫైలు గురించి ఒక హెచ్చరిక. డీమన్ నడుస్తుండగా ఆ ఫైలును దిద్దితే, డీమన్ ఆగేటప్పుడు తన జ్ఞాపకంలో ఉన్న పాత విలువలను దాని మీద తిరిగి వ్రాస్తుంది, మీ మార్పులు పోతాయి. కాబట్టి సిస్టమ్‌సీటీఎల్ ద్వారా ముందు ఆపి, దిద్ది, తర్వాత మొదలుపెట్టండి. డీమన్‌ను అదుపు చేసే 9091 పోర్టును మాత్రం ఇంటర్నెట్ వైపు ఎన్నడూ తెరవకండి. దూరం నుంచి చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం చాలు.

బరంపురం శ్రోత (బరంపురం)

ప్రైవేటు గుర్తు వద్దన్న మాట దగ్గర నేను ఆగుతున్నాను. ఆ రికార్డింగుల్లో బతికి ఉన్నవారి మాటలు ఉన్నాయి. హరికథ చెప్పిన వారికి తమ ప్రదర్శన మీద హక్కులు ఉంటాయి, ఇంట్లో కూర్చుని తమ కష్టసుఖాలు చెప్పుకున్న అవ్వకు ఆ మాటలు ఎంత దూరం వెళతాయో తెలియాలి. వెబ్‌సైటులో పెట్టినది మనం తీసివేయవచ్చు. టోరెంట్‌లో ఒకసారి పది మంది దగ్గరకు చేరిన ముక్కను వెనక్కి పిలిచే కమాండు ఏదీ లేదు. ఎవరెవరి అనుమతి ఏ మేరకు తీసుకున్నారో ముందుగా తేల్చుకోకుండా అడుగు వేయవద్దని వేడుకుంటున్నాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

శ్రోత గారు అడిగింది అడగవలసిన మాట. మేము 2021 నుంచి చేసిన రికార్డింగులన్నిటికీ, మొదట్లోనే మాట్లాడే వారి నోటితో అనుమతి చెప్పించి రికార్డు చేశాం. అంతకు ముందువాటిలో కొన్నింటికి లేదు. ఈ వారం రోజులూ మా మిత్రులం కూర్చుని అనుమతి లేని 212 ఫైళ్లను వేరు చేశాం. వాటికి ప్రత్యేకంగా తాళం వేసి, రాయగడకు ఆర్‌సింక్ ద్వారా ఒక్క నకలు మాత్రమే పంపుతాం. ఆ ఫైళ్లు చాలావరకు చిన్న ఎంపీ3లు కావడం వల్ల మొత్తం పరిమాణం పెద్దగా తగ్గలేదు, ఇంకా 183 జీబీ ఉంది. దీనిని ఏడాదికొక టోరెంట్‌గా ఆరు భాగాలు చేయమంటారా, ఒక్కటిగా ఉంచమంటారా?

నాగావళి గట్టు (రాయగడ)

ఆరుగా చేయండి. టోరెంట్ ఒకసారి తయారయ్యాక దానికి ఒక్క ఫైలు కూడా చేర్చలేం, చేరిస్తే అది కొత్త టోరెంట్ అవుతుంది. ఏడాదివారీగా ఉంటే పాతవి కదలకుండా ఉంటాయి, కొత్త ఏడాదికి కొత్తది వస్తుంది. జిప్ చేయకండి. ఫ్లాక్ ఇప్పటికే కుదించిన రూపం, పైగా ఫోల్డరుగా ఉంటే కావలసిన ఫైళ్లను మాత్రమే ఎంచుకోవచ్చు. ట్రాన్స్‌మిషన్-రిమోట్‌లో -ఎఫ్ అని ఇస్తే ఫైళ్ల జాబితా వస్తుంది, పెద్ద జీతో వద్దన్నవి, చిన్న జీతో కావాలన్నవి చెప్పవచ్చు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

టోరెంట్లు చేశాను. మొదటిదానిని డీమన్‌కు చేర్చాను. సీడ్ చేయడానికి, అంటే ఇతరులకు పంచడానికి బదులు అది సున్నా శాతం దగ్గర నిలబడి నా ఫైళ్లను ఇతరుల నుంచి దించుకోవాలని ఎదురుచూస్తోంది. ఫైళ్లు నా హోమ్ డైరెక్టరీలోనే ఉన్నాయి, దారి కూడా సరిగానే ఇచ్చాను. ఎందుకిలా?

నాగావళి గట్టు (రాయగడ)

ఇక్కడ రెండు కారణాలు కలిసి ఉంటాయి, రెండూ నేను పడిన గుంటలే.

మొదటిది, -డబ్ల్యూ తర్వాత ఇవ్వవలసింది ఫైళ్లున్న ఫోల్డరు కాదు, ఆ ఫోల్డరు ఏ డైరెక్టరీలో ఉందో అది. ఫోల్డరు పేరు టోరెంట్ లోపలే ఉంటుంది కనుక, మీరు మళ్లీ ఇస్తే అది లోపల అదే పేరుతో మరో ఫోల్డరును వెదుకుతుంది. రెండవది, ఉబుంటులో డీమన్ మీ పేరుతో నడవదు, డెబియన్-ట్రాన్స్‌మిషన్ అనే వేరే యూజరు పేరుతో నడుస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ డైరెక్టరీలోకి ఇతర యూజర్లు తొంగిచూడలేరు. ఫైళ్లను ఎస్‌ఆర్‌వి డైరెక్టరీ కిందకు మార్చి, ఆ యూజరుకు చదివే హక్కు మాత్రం ఇవ్వండి. వ్రాసే హక్కు సీడ్ చేసేవారికి అవసరం లేదు, లేకపోవడమే మేలు. తర్వాత టోరెంట్ నంబరు చెప్పి --ఫైండ్ ద్వారా సరైన చోటు చూపించి, -వీతో సరిపోల్చమనండి. నూరు శాతం చూపితే సీడింగు దానంతట అదే మొదలవుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

రెండు కారణాలూ నిజమే. సరిచేశాక నూరు శాతం చూపించింది, పది నిమిషాల్లో రాయగడకు మొదటి ముక్క వెళ్లింది. ఇంట్లో పిల్లల ఆన్‌లైను పాఠాలు ఆగిపోయినట్టు వెంటనే ఫిర్యాదు వచ్చింది.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

దీనికి నేను సమాధానం చెప్పగలను, ఇప్పుడే నేర్చుకున్నాను. సెట్టింగ్స్ ఫైలులో ఆల్ట్-స్పీడ్ అని ప్రత్యామ్నాయ వేగాలు ఉన్నాయి, వాటికి వేళలు పెట్టుకోవచ్చు. ఆ వేళలను అర్ధరాత్రి నుంచి నిమిషాల్లో లెక్క కట్టాలి. ఉదయం ఆరు గంటలకు 360, రాత్రి పదకొండుకు 1380. ఆ మధ్యకాలంలో అప్‌లోడును సెకనుకు 200 కేబీకి కట్టివేసి, రాత్రంతా వదిలేయండి. అప్‌లోడు మొత్తం నిండిపోతే డౌన్‌లోడు కూడా నత్తనడక నడుస్తుందని, అందుకని రాత్రి కూడా పదింట ఎనిమిది వంతులకు మించి వాడవద్దని మా మనవడు చెప్పాడు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

నమస్కారం. సిరొంచ నుంచి వ్రాస్తున్నాను. ఇక్కడ కూడా ఇళ్లలో తెలుగే, బడిలో మరాఠీ. ఒడిశా వైపు పెద్దల యాస వింటుంటే మా అమ్మమ్మ మాటలకూ దానికీ ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో పోల్చి చూడాలని ఎంతో ఆశగా ఉంది.

నాకు రెండు చిక్కులు వచ్చాయి. 2019 టోరెంట్ 97 శాతం దగ్గర, ఫైలు పేరు మరీ పొడవుగా ఉందని చెప్పి ఆగిపోయింది. మరి పర్లాకిమిడిలో అదే పేరుతో ఫైలు ఎలా ఉంది? రెండవది, పూర్తిగా వచ్చిన 2020 టోరెంట్‌ను నిన్న సరిపోల్చితే 99.1 శాతమే చూపించింది, వెంటనే కొన్ని ముక్కలను మళ్లీ దించుకుంది. డిస్కు పాడవుతోందేమోనని భయంగా ఉంది.

నాగావళి గట్టు (రాయగడ)

మొదటి చిక్కు తెలుగువారికే ఎక్కువగా ఎదురయ్యేది, అందుకే కొంచెం వివరిస్తాను. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 అనే డిస్కు ఫార్మాటు ఫైలు పేరుకు 255 బైట్లు మాత్రమే అనుమతిస్తుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తుకు మూడు బైట్లు. శ్రీ అన్న ఒక్క అక్షరమే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. ఆ లెక్కన మొత్తం పేరుకు 85 గుర్తులు దాటకూడదు. పర్లాకిమిడి వారి డిస్కు విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాటు చేసినదై ఉంటుంది. అక్కడ పరిమితి 255 గుర్తులు, బైట్లు కాదు. అందుకే అక్కడ ఇమిడిన పేరు మీ డిస్కులో ఇమడలేదు. దీనికి తోడు ట్రాన్స్‌మిషన్ పూర్తికాని ఫైలు చివర పార్ట్ అని చుక్కతో కలిపి ఐదు బైట్లు తగిలిస్తుంది, కాబట్టి 250 బైట్లే అసలు హద్దు. పేరు టోరెంట్‌లో భాగం కనుక 2019 టోరెంట్‌ను చిన్న పేర్లతో మళ్లీ చేయక తప్పదు. ఎవరి ఊరు, ఎవరి పేరు, ఏ సందర్భం అన్న వివరమంతా ఫైలు పేరులో ఇరికించకుండా, క్రమసంఖ్య, ఊరు మాత్రం పేరులో ఉంచి మిగతాదంతా ఒక పట్టికలో వ్రాయండి.

రెండవ చిక్కుకు ముందు ఒక ప్రశ్న. ఆ ఎంపీ3లను ఏదైనా పాటల ప్రోగ్రాములో తెరిచారా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

అవునండీ, తెరిచాను. తెరవడమే కాదు, కొన్ని ఫైళ్లకు ఊరి పేర్లు తప్పుగా ఉన్నాయనిపించి ట్యాగుల్లో దిద్దాను కూడా. ఆ దిద్దినవన్నీ ఇప్పుడు మళ్లీ పాత పేర్లతోనే కనబడుతున్నాయి. ఇద్దరు పెద్దవాళ్లతో ఫోనులో మాట్లాడి సరిచూసుకున్న వివరాలు అవి.

నాగావళి గట్టు (రాయగడ)

మీ డిస్కు క్షేమంగా ఉంది, మీ శ్రమ పోయినందుకు మాత్రం బాధగా ఉంది. ట్యాగు ఫైలు లోపలే ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ఆ ముక్క గుర్తు మారుతుంది, అప్పుడు ప్రోగ్రాము దానిని పాడైన ముక్కగా భావించి అసలుదానిని తెచ్చి మీ దిద్దుబాటు మీద వ్రాసేస్తుంది. మీరు గమనించక ముందే వేరొకరికి ఇచ్చిందేమోనన్న భయం అక్కరలేదు. ఒకవేళ మారిన ముక్క బయటికి వెళ్లినా, పుచ్చుకున్న వారి దగ్గర గుర్తు కలవక తిరస్కరణకు గురవుతుంది.

అందరూ దయచేసి ఈ ఏర్పాటు చేసుకోండి. టోరెంట్‌లో ఉన్న ఫోల్డరు పూర్తయ్యాక చమోడ్ కమాండు ద్వారా వ్రాసే హక్కు తీసివేయండి. వినడానికి, దిద్దడానికి వేరే నకలు పెట్టుకోండి. దిద్దుబాట్లను ఫైళ్లలో కాకుండా, నేను పైన చెప్పిన పట్టికలో చేర్చి మహేంద్రతనయ గారికి పంపితే, ఆ పట్టిక కొన్ని కేబీలే కనుక ఈమెయిల్‌లోనే తిరుగుతుంది.

జయపురం పుస్తకశాల (జయపురం)

కరెంటు విషయంలో మాకు జరిగినది చెప్పాలి, ఎందుకంటే ఇది మిగతావారికి కూడా జరగగలదు. మొన్న కరెంటు పోయి వచ్చినప్పుడు బయటి యూఎస్‌బీ డిస్కు అందుకోవడం ఆలస్యమైంది. డీమన్ దానికంటే ముందే లేచి, డిస్కు తగలవలసిన ఫోల్డరు ఖాళీగా ఉండటం చూసింది. మేము కంగారుపడి టోరెంట్‌ను తీసి మళ్లీ చేర్చడంతో, అది మొత్తం ఫైళ్లను మొదటి నుంచి, సిస్టమ్ ఉన్న చిన్న డిస్కులోకి దించుకోవడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి ఆ డిస్కు నిండి యంత్రం స్తంభించింది.

నాగావళి గట్టు గారు ఫోనులో చెప్పినట్లు రెండు మార్పులు చేశాం. డిస్కులను తగిలించే జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో డిస్కును పరికరం పేరుతో కాకుండా దాని మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతో నమోదు చేశాం. సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ట్రాన్స్‌మిషన్ సేవకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే వాక్యం చేర్చి ఆ డిస్కు దారి ఇచ్చాం. ఇప్పుడు డిస్కు తగిలే వరకు డీమన్ లేవదు. ఆ తర్వాత మూడుసార్లు కరెంటు పోయింది, మూడుసార్లూ ఎవరూ తాకకుండానే పని కొనసాగింది.

బరంపురం శ్రోత (బరంపురం)

నేను డీమన్ పెట్టుకోలేదు, ఆరియా2 అనే చిన్న సాధనంతో దించుకున్నాను. అది ఒక్క కమాండుతో పని చేస్తుంది గానీ, దించుకున్నంత పరిమాణం తిరిగి పంచగానే తనంతట తాను ముగిసిపోతుంది. నేను అందరికీ పంచుతూనే ఉన్నానని అనుకుని రెండు రోజులు గడిపాను. సీడ్-రేషియో అన్న ఆప్షన్‌కు 0.0 ఇస్తే ఆగకుండా పంచుతుందని తర్వాత తెలిసింది. ఇదే దారిలో వచ్చేవారు గుర్తుంచుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఆరు టోరెంట్లూ ఐదు చోట్లకూ చేరాయి. 2019ది చిన్న పేర్లతో మళ్లీ చేసి, పాతదానిని అందరి చేతా తీయించాం. మొత్తం పద్దెనిమిది రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు మా లైను పూర్తిగా లేదు, అయినా సిరొంచకు ముక్కలు రాయగడ, జయపురాల నుంచి వెళుతూనే ఉన్నాయి.

లెక్కలు చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. మా ఇంటి నుంచి వెళ్లినది 1.1 వంతు, అంటే మొత్తం సేకరణను ఒక్కసారి పంపినదానికి కొంచెం మాత్రమే ఎక్కువ. రాయగడ 2.7 వంతులు, జయపురం సరిగ్గా ఒక వంతు పంచాయి. మిగిలిన 0.2 తక్కినవారందరిదీ. అందరి తలుపులూ తెరిచి ఉంటే రాయగడ మీద ఇంత భారం పడేది కాదు. నాగావళి గట్టు గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ప్రతి ఫోల్డరుకూ మరింత బలమైన గుర్తులు కట్టే ఎస్‌హెచ్‌ఏ256సమ్ జాబితా కూడా తయారు చేసి పంపాను, ఎందుకంటే ఎస్‌హెచ్‌ఏ-1 పాతబడిన పద్ధతి అనీ, 2017లోనే దానిలో ఒకే గుర్తు వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారు చేసి చూపించారనీ చదివాను. ఆరు నెలలకొకసారి ఐదు చోట్లా ఆ జాబితాతో సరిచూసి ఇక్కడే వ్రాద్దాం. మాస్టారు మొదటి వంతు తీసుకుంటానన్నారు.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

తీసుకున్నాను. నిన్న రాత్రి 2018 ఫోల్డరు సరిచూశాను, అన్నీ సరిగా ఉన్నాయి. మునుపు రైల్లో తెచ్చుకున్న నకలులో పాడైన 11 ఫైళ్లలో ఏడు ఆ ఏడాదివే. వాటిలో ఒకటి వంశధార వరద గురించి ఒక పెద్దావిడ చెప్పినది. నాకు అది నలభై సెకన్ల దగ్గర తెగిపోయేది. ఈసారి చివరి దాకా విన్నాను. ఆవిడ చెప్పిన మూడు ఊళ్ల పేర్లు పట్టికలో లేవు, రేపు పంపుతాను.